బూట్ల కింద వేసుకునే మంచు స్పైక్స్: ఎనిమిదో నెల కడుపుతో వాడి చూశాక

ముందే చెప్పేస్తున్నా, నడవడానికైతే 5కి 5, వేసుకోడానికి 5కి 1. మొత్తం మీద ఎన్ని స్టార్లివ్వాలో తేల్చుకోలేక 3 నొక్కి వదిలేశా. కిందున్న రివ్యూలన్నీ ట్రెక్కింగుకి వెళ్ళే కుర్రాళ్ళు రాసినవే, "సూపర్ గ్రిప్ బ్రో" అని. వంగి కాళ్ళు ముట్టుకోలేని మనిషి ఒక్కరూ రాయలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిక లేకపోతే సైజు గురించి చివర్లో చెప్పా అది చూసుకుని పోండి.

మేముండేది కొండ మీద ఆఖరి వరస ఇళ్ళలో. మంచు పడితే దారి మూసేస్తారు, ఒక్కోసారి రెండ్రోజులు ఒక్కోసారి వారం. మా గుమ్మం నుంచి స్కూల్ వ్యాన్ ఆగే చోటికి 140 అడుగులు, నేను లెక్కపెట్టా, మధ్యలో 22 రాతి మెట్లు. మా ఆయన డ్యూటీకి వెళ్తే పది రోజులకి గానీ రాడు. ఇంట్లో నేను, ఆరేళ్ళ మా పెద్దది, సాయానికని వచ్చిన అత్తయ్య. మొదటి కాన్పు మైదాన ప్రాంతంలో అయింది, అప్పుడు నాకున్న పెద్ద కష్టం ఎండ. కాబట్టి రెండోసారి కదా అన్నీ తెలుసులే అనుకుని వచ్చిన నాకు ఇక్కడ తెలిసింది ఏమీ లేదు.

నిజానికి ఇవి కొనాలన్న ఆలోచన నాకు రాలేదు, పడ్డాక వచ్చింది. 24వ వారం. పైపులు గడ్డకట్టకుండా రాత్రంతా కుళాయి సన్నగా వదిలేస్తాం కదా, ఆ నీళ్ళు గట్టు కిందకి పారి తెల్లారేసరికి అద్దంలా అయ్యాయి, చూస్తే తడి నేలలా ఉంటుంది తప్ప ఐసని తెలీదు. బకెట్ పెడదామని అడుగేశా, మరుక్షణం కింద కూర్చుని ఉన్నా. దెబ్బ పెద్దగా తగల్లేదు, పిర్రలు నొప్పెట్టాయి, సిగ్గేసింది, అంతే. లేచి బకెట్ కూడా నింపుకున్నా. మధ్యాహ్నం ఎందుకో మనసుకి పట్టక నర్సమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ నొప్పుందా అని కాదు ముందు అడిగింది, "నీ బ్లడ్ గ్రూపేంటమ్మా" అని. నాది నెగెటివ్. కడుపుతో ఉన్నప్పుడు పడితే బిడ్డ రక్తం కొంచెం తల్లి రక్తంలో కలిసే అవకాశం ఉంటుందట, అలా కలిస్తే తల్లి ఒళ్ళు బిడ్డ రక్తం మీద ఎదురు తిరగకుండా నెగెటివ్ వాళ్ళకి 72 గంటల్లోపు యాంటీ-డి అనే ఇంజెక్షన్ వెయ్యాలట. దారి చూస్తే మూసేసి ఉంది. మర్నాడు సాయంత్రానికి తెరిచారు, ఎవరిదో బండి పట్టుకుని వెళ్ళా, ఇంజెక్షన్ వేసి పొట్టకి బెల్టు కట్టి నాలుగు గంటలు బిడ్డ గుండె చప్పుడు చూశారు. అంతా బానే ఉంది. కానీ ఆ నాలుగు గంటలూ ఆ మిషన్ టక టక వింటూ నేనేం అనుకున్నానో ఇక్కడ రాయను. పడితే నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, బ్లీడింగ్, నీళ్ళు పోవడం, పొట్ట బిగదీయడం, కదలిక తగ్గడం, వీటిలో ఏదున్నా లేకపోయినా ఫోన్ మాత్రం చెయ్యండి. మాయ గర్భసంచి నుంచి విడిపోవడం అనేది పైకి దెబ్బ కనబడకుండానే అవ్వచ్చని అక్కడి డాక్టరమ్మ చెప్పింది.

పడటం నా అజాగ్రత్తేనని అమ్మ ఫోన్లో ఒకటే తిట్లు. "బయటికెందుకే పోతావ్, ఇంట్లో కూర్చోక" అని. కూర్చుంటే నీళ్ళు ఎవరు తెస్తారు, పిల్లని వ్యాన్ ఎవరెక్కిస్తారు. డాక్టరమ్మ మాత్రం అజాగ్రత్త కాదంది. పొట్ట ముందుకొచ్చేకొద్దీ ఒంటి బరువు ఆనే చోటు మారిపోతుంది, పైగా రిలాక్సిన్ అనే హార్మోన్ వల్ల కీళ్ళు కాస్త వదులవుతాయి, కిందకి చూస్తే పాదాలే కనబడవు. మంచు లేని ఊళ్ళల్లో కూడా కడుపుతో ఉన్నవాళ్ళు బోలెడంతమంది పడుతుంటారట. ఇది అమ్మకి చెప్తే "అయితే ఇంకా కూర్చో" అంది.

సరే, వస్తువు సంగతికొద్దాం. వీటిలో మూడు రకాలుంటాయి. ఒకటి రబ్బరు తొడుగుకి స్ప్రింగులా తీగ చుట్టినవి. రెండోది రబ్బరుకి చిన్న చిన్న ఇనుప గుండీల్లాంటివి దిగ్గొట్టినవి. మూడోది గొలుసుకి మేకులు బిగించినవి, మేకు దాదాపు సెంటీమీటరు పొడుగుంటుంది. నేను ముందు తీగది తెప్పించా, వేసుకోడం తేలికని రాశారు కాబట్టి. తొక్కి గట్టిపడిన మంచు మీద అది బానే ఉంది గానీ మెట్ల మీద నున్నటి ఐసు తగిలితే జర్రున జారింది. రెండు వారాల్లో తీగ తెగి ముల్లులా పైకి లేచింది కూడా. అది పక్కన పడేసి గొలుసుది తెప్పించా, ఈ రివ్యూ దాని గురించే. దారి మూసుండటం వల్ల రావడానికి 19 రోజులు పట్టింది, అందులో అమ్మినవాళ్ళ తప్పు లేదు.

మొదటి రోజు వేసుకుని మెట్లు దిగితే, ఏం చెప్పను, ఐసులోకి కరక్ కరక్ మని దిగుతుంటే ఎవరో కింద నుంచి కాళ్ళు పట్టుకున్నట్టుంది. 22 మెట్లూ కమ్మీ పట్టుకునే దిగాననుకోండి, అది మానకూడదు, కానీ భుజాలు బిగబట్టుకోకుండా దిగడం ఆ చలికాలంలో అదే మొదటిసారి. మామూలుగా మంచు మీద నడిచేప్పుడు బాతులా నడవాలి, కాళ్ళు ఎడంగా, వేళ్ళు కాస్త బయటికి, చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆనించి. ఎనిమిదో నెలలో ఎలాగూ నడక అదే కాబట్టి కొత్తగా నేర్చుకోడానికేం లేదు. స్పైక్స్ ఉంటే అలాగే నడవచ్చు, కాకపోతే కాలు ఈడవకూడదు, ఎత్తి వెయ్యాలి, ఈడిస్తే మేకు పట్టుకుని ముందుకి తూలుతాం.

ఇంకో సంగతి, ఎండొచ్చి మంచు చెమ్మగా అయినప్పుడు గొలుసుల మధ్య ముద్దలు ముద్దలుగా అతుక్కుంటుంది. పది అడుగుల్లో హైహీల్స్ వేసుకున్నట్టు అయిపోతాం, మేకులు నేలకి తగలవు. కర్రతో తట్టుకుంటూ పోవాలి. మీకు ఆశ్చర్యంగా ఉంటుందేమో గానీ బాగా చలున్న రోజు పర్లేదు, కరిగీ కరగనట్టుండే రోజే ఎక్కువ భయం, పైన నీళ్ళ పొర ఉంటుంది కదా.

ఇక ఆ ఒక్క స్టార్ కథ. దీన్ని వేసుకోవాలంటే ముందు బూటు కొనకి రబ్బరు తగిలించి, తర్వాత మడమ వెనక ఉన్న చెవిని పట్టుకుని బలంగా లాగి ఎక్కించాలి. చలికి రబ్బరు బిర్రబిగిసిపోయి ఉంటుంది. గ్లౌజులతో పట్టు దొరకదు, తీసేస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి. మామూలు మనిషికి ఇది నిమిషం పని. నాకు 30వ వారం దాకా ఎలాగో అయ్యింది, పెట్టె మీద కూర్చుని కాలు మోకాలి మీద వేసుకుని. ఆ తర్వాత కాలు మోకాలి మీదకి రాదు, పొట్ట అడ్డం, వంగితే ఊపిరాడదు, లోపల వాడో అదో ఒక్క తన్ను తంతుంది. ఒకరోజు సగం ఎక్కించి, ఆయాసంతో అలాగే గోడకానుకుని కూర్చుండిపోయా, బయట వ్యాన్ హారన్ కొడుతోంది.

అప్పుడు మా పెద్దది కింద కూర్చుని "నేనేస్తా" అంది. నాలుక బయట పెట్టి, రెండు చేతులతో చెవి పట్టుకుని, కాళ్ళు నా కుర్చీకి తన్ని పెట్టి లాగింది. ఎక్కింది. కాకపోతే కుడిది ఎడమకి. మర్నాటికి దాని నెయిల్ పాలిష్‌తో కుడిదానికి ఎర్ర చుక్క పెట్టుకుంది, నా కుడి బూటుకీ ఒక చుక్క. అది చూసి నవ్వొచ్చింది, కొంచెం ఏడుపూ వచ్చింది, హార్మోన్లే లెండి. స్పైక్స్ పొయ్యికి మరీ దగ్గర కాకుండా కాస్త వెచ్చ తగిలే చోట పెడితే రబ్బరు మెత్తబడుతుందని కూడా అదే కనిపెట్టింది. కానీ ఆరేళ్ళ పిల్ల స్కూల్లో ఉన్నప్పుడు ఎవరేస్తారు?

చివరికి దొరికిన ఉపాయం చాలా సింపుల్, ముందే తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నా. మా ఆయన పాత బూట్లు ఉన్నాయి, జిప్పువి. ఈ నెలల్లో నా పాదాలు వాచి నా బూట్లు ఎలాగూ పట్టడం లేదు. ఆ పాత బూట్లకి స్పైక్స్ ఒకేసారి ఆయన చేత బిగింపించి గుమ్మం బయట అరుగు మీద పెట్టేశా, విప్పేదే లేదు. నిలబడి, గోడ పట్టుకుని కాళ్ళు దూర్చడం, చివర కొక్కెమున్న పొడుగు చెంచాలాంటిది ఒకటి దొరికింది దాంతో జిప్పు లాగడం, అంతే. మీరు కడుపుతో ఉండి ఇవి కొంటే మాత్రం దీనికంటూ ఒక జత బూట్లు కేటాయించేయండి. లేకపోతే కొనడం వేస్ట్, నిజంగా అంటున్నా.

ఇవి వేసుకుని లోపలికి మాత్రం అడుగు పెట్టకండి. ఇది ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదవలేదు. 32వ వారం చెకప్‌కి వెళ్ళినప్పుడు వీటితోనే లోపలికి వెళ్ళిపోయా, నున్నటి టైల్స్. ఐసు మీద దిగే మేకు టైల్ మీద దిగదు కదా, అంచుల మీద నిలబడి స్కేటింగే. పక్కనున్నావిడ చెయ్యి పట్టుకోబట్టి సరిపోయింది. బయట అంత మంచు దాటొచ్చి లోపల వెచ్చటి గదిలో పడబోవడం, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. సిమెంటు, గ్రానైట్, ఇనుప మెట్లు అన్నీ అంతే. బండి నడిపేప్పుడు కూడా తియ్యాలి. చూశారా, మళ్ళీ వంగాల్సిన చోటికే వచ్చాం, అందుకే సంచీలో మామూలు చెప్పులు పెట్టుకుని గుమ్మంలోనే బూటుతో సహా మార్చేస్తున్నా.

ఇంకొకటి, ఇవి ఉన్నాయి కదా అని ధైర్యం ఎక్కువైపోతుంది. నాకూ అయింది. కట్టెల మోపు ఎత్తుకుని దిగబోయా ఒకరోజు, రెండు చేతులూ నిండా కట్టెలు, కమ్మీ పట్టుకోడానికి చెయ్యి లేదు. సగం మెట్ల మీద ఆగి కట్టెలు కిందకి దొర్లించేశా. మంచు పారతో ఎత్తిపొయ్యడం కూడా ఈ నెలల్లో మనది కాదు, పక్కింటి అబ్బాయి చేస్తున్నాడు. మెట్ల మీద మేము పొయ్యిలో బూడిద చల్లుతాం, ఉప్పు చలి బాగా ముదిరితే పనిచెయ్యదు, బూడిద ఎప్పుడైనా గరుకే.

అత్తయ్య సంగతి చెప్పాలి. మొదట్లో ఇవి చూసి ఆవిడ ఒకటే నవ్వు, "గుర్రానికి నాడాలు కొట్టినట్టు ఇదేంటే" అని. నేనేమీ అనలేదు. వారం తర్వాత ఆవిడ సాక్సుల మీద చెప్పులేసుకుని కుళాయి దాకా వెళ్ళి, ఎవరూ చూడలేదనుకుని, గోడ పట్టుకుని జారుకుంటూ వెనక్కి రావడం కిటికీలోంచి చూశా. ఆ సాయంత్రం నెమ్మదిగా "నా కాలికి సరిపడేది ఉంటుందా అందులో" అన్నారు.

మన్నిక యావరేజ్. రెండు నెలలు తిరక్కుండానే ఒక గొలుసు కడియం విచ్చుకుంది, పటకారుతో నొక్కేసుకున్నా. ఎడమ కాలి బొటనవేలి దగ్గర రబ్బరు సన్నగా చీలుతోంది. అమ్మినవాళ్ళకి రాస్తే ఫోటో అడిగారు, పంపితే వీడియో అడిగారు, అదీ పంపితే "వేసుకునేటప్పుడు ఎక్కువ లాగి ఉంటారు" అని జవాబు. లాగింది ఆరేళ్ళ పిల్ల అని రాద్దామనుకుని మానేశా. సిలికాన్‌వి చలికి ఇంత బిగుసుకోవు, మీకు దొరికితే అవే తీసుకోండి.

సైజు: మీ కాలి సైజు చూసి కొనకండి, మంచు బూటు లావుగా ఉంటుంది కాబట్టి ఆ బూటు కొలత చూసుకుని ఒక సైజు పైదే తీసుకోండి. నేను మీడియం తెప్పించి మార్చుకుని లార్జ్ తీసుకున్నా.

నాకిప్పుడు 36 వారాలు నిండాయి. దారి మూసుకుపోతే కష్టమని గురువారం కిందకి, హాస్పిటల్ దగ్గర అద్దె గదికి దిగిపోతున్నాం. స్పైక్స్ ఇక్కడే వదిలేస్తున్నా. ఇది టైప్ చేస్తుంటేనే బయట కరక్ కరక్ మని వినిపిస్తోంది, కుళాయి దాకా వెళ్ళి వెనక్కొస్తోంది చప్పుడు. అత్తయ్యే. నాడాల సంగతి నేను ఎత్తలేదు.