తెలుగు స్పెల్ కార్డులు కొనేవాళ్ళు జాగ్రత్త, ముందు అదృశ్య మంత్రం కార్డు ఫోటో అడగండి

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకుని కథలా ఆడే ఆట) ఆడేవాళ్ళు, ముఖ్యంగా పిల్లల కోసం తెలుగు స్పెల్ కార్డులు, అంటే ఆటలో వేసే మంత్రాల రూల్స్ రాసుండే కార్డులు, వెతుకుతున్నవాళ్ళు ఇది చదవండి. ఆ కార్డులు అమ్మే అబ్బాయి ఎవరో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. విజార్డ్ (మంత్రగాడి పాత్ర) సెట్టు 1,900 రూపాయలు, మొత్తం ముందే కట్టించుకున్నాడు. ఒడిశాలో ఉన్న మా ఊరు పర్లాకిమిడికి కొరియర్ ఇంకో 120. కార్డులు మందంగా, అంచులు గుండ్రంగా, బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. అవి చూసే మోసపోయాను.

మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి. బడిలో చదువంతా ఒడియాలోనే. తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర నేర్చుకుంది గానీ, చదువుకోవడానికి ఇంట్లో క్యాలెండరు తప్ప ఏముంది? ఆట కోసమైనా తెలుగు చదువుతుందని కొన్నాను. చదివింది కూడా. రోజూ రాత్రి అన్నం తిన్నాక కార్డులు మంచం మీద పరుచుకుని పైకి చదివేది. తన విజార్డ్ మూడో లెవెల్‌కి వచ్చి, రెండో లెవెల్ స్పెల్స్ తీసుకునే రోజున అన్నిటికంటే ముందు ఎంచుకున్నది అదృశ్య మంత్రమే.

ఆ కార్డు ఇప్పుడు నా ముందే ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. 'తారాగణం సమయం: 1 చర్య.' క్యాస్టింగ్ టైమ్‌ని, అంటే స్పెల్ వేయడానికి పట్టే సమయాన్ని, సినిమా తారాగణం చేశాడు. 'పదార్థం: అరబిక్ చిగుళ్ళలో కనురెప్ప.' అక్కడ ఉండాల్సింది తుమ్మబంకలో పొదిగిన కనురెప్ప వెంట్రుక. ఇంగ్లీషులో 'గమ్ అరబిక్' అంటే తుమ్మబంక, ఆ గమ్‌ని పళ్ళ చిగుళ్ళు చేశాడు. తుమ్మబంక అంటే మన ఇళ్ళల్లో ఎవరికి తెలియదు? పిల్ల 'అత్తా, చిగుళ్ళేంటి?' అని అడిగితే మంత్రాల భాష అలాగే ఉంటుందిలే అనేశాను. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఆట నడిపించే డంజన్ మాస్టర్‌ని, అంటే డీఎమ్‌ని నేను, ఒక్కసారి రూల్ తెరిచి చూడాల్సింది నేను. ఆ తప్పు నాదే.

భాష పోతే పోయింది, రూల్ కూడా పోయింది. కనిపించకుండా ఉన్నవాళ్ళు ఎవరినైనా అటాక్ చేసినా, ఇంకో స్పెల్ వేసినా అదృశ్యం అక్కడితో తెగిపోవాలి. ఈ స్పెల్‌కి ప్రాణం ఆ వాక్యమే, కార్డు మీద అదే లేదు. కాన్సంట్రేషన్, అంటే ఆ స్పెల్ మీద ధ్యాస, నిలుపుకుంటే గంటసేపు ఉంటుంది, కాపలావాళ్ళని దాటిపోవడానికో తప్పించుకోవడానికో. కొట్టినా తెగనిది గ్రేటర్ ఇన్విజిబిలిటీ అనే వేరే స్పెల్. అది నాలుగో లెవెల్, అదీ ఒక్క నిమిషమే. ఇతని కార్డు మీద కాన్సంట్రేషన్ మాటే లేదు, 'వ్యవధి: 1 గంట' అని మాత్రం ఉంది. అంటే మూడో లెవెల్ విజార్డ్ గంటసేపు కనిపించకుండా అందరినీ కొడుతూ ఉండొచ్చన్నమాట. రెండు నెలలు మేం అలాగే ఆడాం.

మొన్న ఆదివారం విశాఖ నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. కాలేజీలో ఆడతాడు వాడు. పిల్ల అదృశ్యమై ఓగర్ అనే రాక్షసుణ్ణి రెండోసారి కొట్టగానే 'ఇది దొంగాట' అన్నాడు. 'కాదు బావా, చూడు' అని కార్డు చేతికిచ్చింది. వాడు ఫోన్‌లో రూల్ చూపించాడు. పిల్ల ఏం మాట్లాడలేదు. కార్డులన్నీ పోగుచేసి పెట్టెలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఆ పెట్టె తీయలేదు.

ఇవాళ ఆ కార్డుల అబ్బాయికి ఫోన్ చేశాను. డబ్బు కట్టేవరకూ 'అక్కా, అక్కా' అన్న మనిషి, ఇవాళ 'చెప్పండి మేడమ్' అన్నాడు. నేను గొడవ పెట్టుకోలేదు. ఒక్క కార్డు సరిచేసి పంపమన్నాను, కొరియర్ డబ్బులు నేనే ఇస్తానన్నాను. అప్పుడు అన్నాడీ మాట: 'మీ ఒడిశా సైడు తెలుగు చదివేవాళ్ళెవరున్నారు మేడమ్? పిల్లలకి బొమ్మ బాగుంటే చాలు కదా.'

నాకు కాసేపు నోట మాట రాలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆగస్టు 29న అందరూ తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆయన పుట్టినరోజునే. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది, అయినా ఇప్పటికీ మా వీధిలో పేరంటానికి పిలిచినా, కూరగాయలు బేరమాడినా తెలుగులోనే. చదివేవాళ్ళెవరున్నారని నన్నే అడుగుతాడా? మా ఇంట్లో ఒక పిల్ల ఉంది. ఆ చిగుళ్ళతో సహా ప్రతి అక్షరం కూడబలుక్కుని చదివింది. అమ్మినవాడే చదవలేదు. ఇదంతా అప్పుడే అతనితో అనాల్సింది. 'సరేనండీ' అని పెట్టేశాను. అందుకే ఇంకా ఎక్కువ మండుతోంది.

1,900 తిరిగి రావని నాకు తెలుసు. మీరైనా ముందు చూసుకోండి. ఈ ఆట ఐదో ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరి నుంచి, ఎవరైనా వాడుకోవడానికి వీలిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతున్నాయి, ఈ రెండు స్పెల్సూ అందులో ఉన్నాయి. కాబట్టి వాటిని తెలుగు చేసి అమ్మడంలో తప్పేం లేదు, చదవకుండా అమ్మడమే తప్పు. ఎవరి దగ్గర కొన్నా డబ్బు కట్టకముందే అదృశ్య మంత్రం కార్డు రెండు వైపులా ఫోటో పెట్టమనండి. కాన్సంట్రేషన్ ఉందా, అటాక్ చేస్తే తెగుతుందని ఉందా చూడండి. 'తారాగణం' అని కనిపిస్తే కట్టకండి.