గాదెకు వద్దన్నారు, ఉగాదికి సరేనన్నారు: కౌన్సిల్ ప్రీ-అప్లికేషన్ సలహాపై నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను: పర్మిషన్‌కు అప్లై చేయకముందే కౌన్సిల్ (ఇక్కడి స్థానిక సంస్థ) ఇచ్చే ఈ సలహాకు అయిదుకి నాలుగు. ఆ పోయిన ఒకటీ గబ్బిలాల వల్ల పోయింది.

ఇంగ్లండ్‌లోని హ్యాంప్‌షైర్‌లో మేం కొన్న పాత ఫార్మ్‌హౌస్ గ్రేడ్ టూ లిస్టెడ్, అంటే చారిత్రక కట్టడంగా చట్టరక్షణ ఉన్న ఇల్లు. ఇల్లు సరే, పెరట్లో కొట్టాలకు కూడా పర్మిషన్ దేనికని మనవాళ్ళు చాలామంది అడిగారు. లిస్టెడ్ ఇంటి ఆవరణలో 1948 జులై 1కి ముందు నుంచి ఉన్న కట్టడాలు కూడా చట్టం లెక్కలో ఆ ఇంటి కిందికే వస్తాయి. అడక్కుండా గోడ కొడితే అది నేరం, జైలు కూడా పడొచ్చు. ఇందులో వింత ఏమిటంటే, ఇంగ్లండ్‌లో లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ (అలాంటి కట్టడాల్లో మార్పులకు కావాల్సిన అనుమతి) అప్లికేషన్‌కు ఫీజు లేదు. దానికి ముందు తీసుకునే సలహాకు మాత్రం మా కౌన్సిల్ కొన్ని వందల పౌండ్లు తీసుకుంది. "ఊరికే చేసే పనికి ముందు డబ్బులిచ్చి అడగడమేమిటి?" అని మా ఆయన గొణిగారు. ఫీజు నేనే పట్టుబట్టి కట్టించాను.

మేం అడిగినవి మూడు. బళ్ళు పెట్టుకునే షెడ్డులో నా పచ్చళ్ళు, పొడుల వంటగది. గాదెలో బాత్రూమ్‌తో ఒక గెస్ట్ రూమ్. పెద్ద ధాన్యపు కొట్టంలో తెలుగువాళ్ళ ఫంక్షన్లకు హాలు, దాని మీద అటకలా ఒక అంతస్తు వేసి అద్దెకు రెండు గదులు. గాదెకు అభ్యంతరం ఉండదు, హాలు మాత్రం కుదరదంటారు అనుకున్నాం. జరిగింది పూర్తిగా తిరగబడి.

చూడటానికి వచ్చిన కన్జర్వేషన్ ఆఫీసర్ (పాత కట్టడాల సంరక్షణ చూసే కౌన్సిల్ ఉద్యోగి) చేతిలో టార్చి, కాళ్ళకు గమ్‌బూట్లు. "ముందు మీకేం కావాలో చెప్పండి" అన్నారామె. అది నాకు నచ్చింది. గాదె కిందికి వంగి చాలాసేపు చూశారు. చెక్క గాదె, పుట్టగొడుగు ఆకారంలో ఉన్న రాళ్ళ మీద నిలబడి ఉంటుంది. ఎలుక రాయి ఎక్కినా పైన గొడుగులా బయటికి వచ్చిన అంచు దాటలేదు. కింద గాలి ఆడుతుంది కాబట్టి గింజ చెమ్మ పట్టదు. మేం పెట్టమన్న బాత్రూమ్‌కి డ్రెయిన్ పైపు నేల నుంచి నేరుగా గాదెలోకి పోవాలి. రాళ్ళు పెట్టిన పని కాస్తా ఆ పైపుతో పోతుంది, ఎలుకలకు మేమే దారి వేసినట్టు. దాంతో పాటు తలుపు వెడల్పు చేయడం, గోడలకు ఇన్సులేషన్ వేయడం కూడా అడిగాం. మూడూ వద్దన్నారు. ఆమె చెప్పాక నాకూ వద్దనే అనిపించింది.

పెద్ద కొట్టానికి ఎదురెదురుగా రెండు ఎత్తైన ద్వారాలు. కోతల బండి ఒక దాంట్లోంచి లోపలికొచ్చేది. మధ్యలో నేల మీద కర్రలతో పంట నూర్చి, రెండు తలుపులూ తెరిచి ఆ గాలికే పొట్టు ఎగరేసేవాళ్ళట. మన కళ్ళంలో తూర్పారబట్టడమే, కాకపోతే ఇక్కడి వానలకు కప్పు కింద. అందుకే ఆ కొట్టం విలువంతా నేల నుంచి వాసాల దాకా ఉన్న ఖాళీలోనే ఉంది, అంతస్తు వేస్తే ఆ ఖాళీ పోతుంది అన్నారు. అద్దె గదులు అక్కడితో సరి. అదే లెక్కన హాలు మాత్రం దానికి బాగా సరిపోయే వాడకం అన్నారు, జనం కూర్చున్నా ఆ ఖాళీ అలాగే ఉంటుంది కాబట్టి. పాత తలుపులు ఉంచి లోపలి వైపు అద్దం పెట్టుకోవచ్చు. దూలాలను కప్పేసేలా ప్లాస్టర్‌బోర్డు వేయడానికి లేదు. అంటే లోపల చలి ఆగదు, ఉగాదికి పట్టుచీర మీద స్వెటర్ తప్పదు. వెళ్తూ వెళ్తూ, ఏ కొయ్య ఎక్కడ బిగించాలో పాతకాలం వడ్రంగులు దూలాల మీద గీసుకున్న రోమన్ అంకెలు టార్చి వేసి చూపించారు. ఫీజులో అది బోనస్.

బళ్ళ షెడ్డు ముందువైపు తెరిచే ఉంటుంది. మా ఆర్కిటెక్ట్ అక్కడ ఇటుక గోడ, కిటికీలు గీశాడు. స్తంభాలకు కాస్త వెనగ్గా అద్దం పెడితే దూరం నుంచి పాత షెడ్డులాగే కనిపిస్తుందని ఆమె సలహా. కప్పులో అడిగిన కిటికీలను తగ్గించి వెనక వాలుకు మార్చమన్నారు, పొగ గొట్టం కూడా అటే. నేలకు సిమెంటు బదులు సున్నం, ఎందుకంటే సిమెంటు చెమ్మను గోడల్లోకి తోస్తుంది. ఎండుమిర్చి వేయించే ఘాటు సంగతి అడిగితే మాత్రం నవ్వి, అది వేరే డిపార్ట్‌మెంట్ అన్నారు.

ఇక గొడవ. ఇక్కడ గబ్బిలాలకూ అవి ఉండే చోటుకూ చట్టరక్షణ ఉంది. సాయంత్రాలు అవి బయటికి వచ్చేది లెక్కపెట్టే సర్వే మే నుంచి సెప్టెంబర్ లోపే చేయాలి. వచ్చిన రోజే ఆ ముక్క నోటితో చెప్పి ఉంటే మాకు సీజన్ దక్కేది. రిపోర్టు చెప్పిన గడువు దాటి సెప్టెంబర్ చివర్లో వచ్చింది, అందులో ఆఖరి పేజీలో ఒక లైను: "గబ్బిలాల సర్వే అవసరం." మళ్ళీ మే దాకా ఆగాలి. ఫోన్ చేస్తే సారీ చెప్పారు, అంతే. పార్కింగ్ గురించి ఒక్క మాట లేదు, పండక్కి వచ్చే కార్లన్నీ ఇరుకు సందులోంచే రావాలి మరి. ఈ సలహాకు తుది నిర్ణయం కట్టుబడి ఉండదని కూడా రాశారు, అది అన్నిచోట్లా ఉండే మాటేనట.

తీసుకోబోయేవాళ్ళకు నా మాట: డ్రాయింగులు పూర్తిగా గీయించకముందే అడగండి. మా ఆర్కిటెక్ట్ బిల్లులో సగం ఆ రద్దయిన అంతస్తుకే పోయింది. వసంతంలోనే అడగండి, సర్వేలు ఏవేవి కావాలో మొదటి ఈమెయిల్‌లోనే రాయించుకోండి. బడ్జెట్‌లో వ్యాట్ కూడా మరిచిపోవద్దు, లిస్టెడ్ ఇళ్ళలో అనుమతి ఉన్న మార్పులకు ఒకప్పుడున్న మినహాయింపు 2012లో తీసేశారు.

మే నెలకు సర్వే మనిషిని మాట్లాడుకున్నాం. ఈలోగా గాదె మీద పగిలిన పెంకులు మార్పిస్తున్నాం. అదే రకం పెంకులతో చేసే రిపేరుకు కన్సెంట్ అక్కర్లేదని రిపోర్టులోనే రాసిచ్చారు.