పిచ్చుకల కిట్: కుచ్చు బంగారం, గూటికి మాత్రం వడ్రంగి కావాలి

మార్చి 20, అంటే పిచ్చుకల దినోత్సవం దగ్గరపడుతోందంటే చాలు, ఆన్‌లైన్‌లో ఈ కిట్లు తెగ కనిపిస్తాయి. నేను తెప్పించుకున్నదాంట్లో మూడు వస్తువులున్నాయి: చెక్క గూడు, నీళ్ళకి మట్టి మూకుడు, వరి కంకుల కుచ్చు. డెలివరీతో కలిపి తొమ్మిది వందల దాకా అయింది. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే గూడుని ఇదే ఫోటోతో నాలుగైదు పేర్ల మీద అమ్ముతున్నారు, అందులో ఒక్కరినే అనడం దేనికి.

ముందు కుచ్చు గురించి చెప్తాను, పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది అదే. గోదావరి జిల్లాల వాళ్ళకి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కోతలప్పుడు మంచి కంకులు ఏరి, కాడలతో సహా కోసి, జడలా అల్లి గుడి మండపంలోనో వసారా దూలానికో వేలాడదీస్తారు. మా హైదరాబాద్ ఫ్లాట్‌లో దూలం ఎక్కడిది, బాల్కనీలో బట్టల తీగ కట్టే కొక్కేనికే తగిలించాం. గింజ నిండుగా ఉంది, పురుగు లేదు, అల్లిక గట్టిగా ఉంది, కొన్ని వారాలు బాగానే నిలిచింది.

సిటీలో కుచ్చు ఎందుకు మేలంటే, పావురాల వల్ల. గట్టు మీద గింజలు చల్లారంటే పిచ్చుక వచ్చేలోపే పావురాలు గుంపుగా దిగి మొత్తం ఊడ్చేసి, బాల్కనీ అంతా రెట్టలతో నింపి పోతాయి, ఆ తర్వాత కింది ఫ్లాట్ వాళ్ళతో గొడవ. వేలాడే కంకిని పట్టుకుని నిలబడడం పావురం బరువుకి కుదరదు. పిచ్చుక అయితే తలకిందులుగా అయినా వేలాడి, గింజ లాగి, ఊక ఒలిచి మరీ తింటుంది. ఊక కింద రాలుతుంది కాబట్టి రోజూ ఓసారి చీపురు పట్టాలి, ఉడుత కూడా వాటాకి వస్తుంది, రానివ్వండి. రంగులు వేసి, మెరుపు పూసి అమ్మే కుచ్చులు మాత్రం కొనకండి, అవి గోడకి అలంకారానికే, పిట్టలు తినడానికి కాదు. గోదావరి వైపు చుట్టాలుంటే సార్వా కోతలప్పుడు నాలుగు కుచ్చులు అల్లి పంపమనండి, కిట్ కంటే చవకగా పడుతుంది.

ఇక గూడు. ఫోటోలో ముద్దుగా ఉంది, అంతే. రంధ్రం ఎంత పెద్దదంటే గోరింక హాయిగా దూరిపోతుంది, పిచ్చుకకైతే 32 మిల్లీమీటర్లు సరిపోతుంది. రంధ్రం కింద చిన్న పుల్ల ఒకటి బిగించారు, పిట్ట వాలడానికట. పిచ్చుకకి ఆ పుల్ల అక్కర్లేదు, కాకికో ఇంకో దానికో పిల్లల్ని లాక్కోవడానికి నిలబడే చోటు తప్ప దాని వల్ల ఉపయోగం లేదు. లోపల కూడా పెయింట్ వేశారు, శుభ్రం చేయడానికి తెరుచుకునే పలక లేదు, అడుగున నీళ్ళు పోయే చిల్లులూ లేవు. ఫోన్ చేసి అడిగితే "అది డిజైన్ సార్" అన్నారు, చెక్క వస్తువు కాబట్టి రిటర్న్ కూడా లేదన్నారు. చివరికి మా వీధి చివర వడ్రంగి చేత పుల్ల పీకించి, సరైన రంధ్రం ఉన్న ముక్క ఒకటి ముందు బిగించి, పైకప్పుకి మడతబందు పెట్టించి, అడుగున నాలుగు చిల్లులు కొట్టించి, లోపలి రంగు గీకించేసరికి ఇంకో రెండొందలు వదిలాయి.

తగిలించే చోటు గురించి కిట్‌లో ఒక్క ముక్క కూడా లేదు. ఎనిమిది పది అడుగుల ఎత్తులో, స్లాబు నీడలో, పడమటి ఎండ నేరుగా తగలని చోట పెట్టాలి, లేకపోతే ఏప్రిల్‌లో అది గూడు కాదు, ఓవెన్. సీలింగ్ ఫ్యాన్ తిరిగే గదికి దగ్గరగా అసలు వద్దు. గడ్డి పుల్లలు బయటికి కనిపిస్తున్నాయంటే ఇక దాన్ని కదపకూడదు, పిల్లలు ఎగిరిపోయాకే శుభ్రం చేయాలి.

పెట్టెలో ఒక కాగితం కూడా వచ్చింది, పిచ్చుకలు తగ్గడానికి సెల్ టవర్లే కారణమని పెద్ద అక్షరాలతో. అలా గట్టిగా తేలిందేమీ లేదు. పెంకుటిళ్ళు పోయి, దూలాల సందులూ ఫోటో ఫ్రేముల వెనక చోట్లూ పోయి, గాజు గోడల ఇళ్ళు వచ్చాక పాపం అవి గూడు ఎక్కడ పెట్టుకుంటాయి? రెండో కారణం తిండి, అదీ పెద్దవాటి తిండి కాదు, పిల్లల తిండి. పుట్టిన కొత్తలో పిల్లలకి తల్లిదండ్రులు తెచ్చి పెట్టేది ఎక్కువగా పురుగులే, గింజలు కాదు. అందుకే బాల్కనీలో చిక్కుడు పాదుకి పేనుబంక పట్టిందని వెంటనే మందు కొట్టకండి, కొన్నాళ్ళు ఆగి చూడండి, పిచ్చుకలు వచ్చి ఏరుకుంటాయి. ఈ మాట కాగితంలో రాసి ఉంటే ఆ తొమ్మిది వందలకి ఇంకాస్త విలువ ఉండేది.

మట్టి మూకుడు బాగుంది, లోతు తక్కువ, పిట్ట మునిగిపోదు, మధ్యలో ఒక రాయి పెడితే వాలడానికి ఇంకా వీలు. కాకపోతే డెంగీ దోమ గుడ్లు నీళ్ళ అంచున గోడకే అతుక్కుంటాయి, వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. అందుకని రెండు రోజులకోసారి నీళ్ళు పారబోస్తే చాలదు, కొబ్బరి పీచుతో గోడ రుద్ది మరీ కడగాలి. మా ఇంట్లో ఆ పని పిల్లలది, రోజూ వంతుల గొడవే.

కుచ్చుకి ఐదు స్టార్లు, మూకుడుకి నాలుగు, గూటికి ఒకటి, అదీ చెక్క మంచిదే కాబట్టి. వీధిలో పిచ్చుకలు ఇప్పటికే తిరుగుతుంటే గూడు పెట్టండి, కాకపోతే ఈ కిట్‌లోది కాకుండా వడ్రంగితో కొలత చెప్పి చేయించుకోండి. అసలు పిచ్చుకే కనిపించని కాలనీ అయితే గూటి మీద డబ్బులు పోయకండి, ముందు ఒక కుచ్చు, ఒక మూకుడు నీళ్ళు పెట్టి ఓ సీజన్ చూడండి.