చర్మం వాస్క్యులైటిస్‌కు డాప్సోన్: చాలాకాలం వాడాక నా అనుభవం

డాప్సోన్ నాకు బాగా పనిచేసింది. కానీ రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోలేనివాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిదంటాను.

నాది చర్మంలోని సన్నటి రక్తనాళాలు వాచే జబ్బు. బయాప్సీలో ల్యూకోసైటోక్లాస్టిక్ వాస్క్యులైటిస్ అని వచ్చింది. మోకాళ్ల కింద ఊదారంగు మచ్చలు, వేలితో నొక్కినా రంగు తగ్గవు, తడిమితే చేతికి తగులుతాయి. ఎక్కువసేపు నిలబడిన రోజు సాయంత్రానికల్లా కొత్తవి వచ్చేవి. మూత్రపరీక్ష బాగానే ఉండటంతో కిడ్నీల భయం లేదన్నారు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌తో మచ్చలు పోయేవి, డోసు తగ్గిస్తే మళ్లీ వచ్చేవి. మొహం ఉబ్బింది, నిద్ర పోయింది. కొల్చిసిన్ అనే ఇంకో మందు ఇస్తే విరేచనాలు.

డాప్సోన్ మొదలుపెట్టే ముందు జి6పిడి పరీక్ష తప్పనిసరి. ఆ ఎంజైమ్ లోపం ఉంటే ఈ మందు ఎర్ర రక్తకణాలను తీవ్రంగా దెబ్బతీస్తుంది. లోపం లేనివాళ్లకూ హిమోగ్లోబిన్ కొంత తగ్గుతుంది. నాకూ తగ్గింది, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. అందుకే 50 మి.గ్రా.తో మొదలుపెట్టి, సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) రిపోర్టులు చూసుకుంటూ 100కి పెంచారు. మొదట్లో వారం వారం పరీక్ష, తర్వాత దూరం పెంచారు. మాత్రల కంటే పరీక్షలకే నాకు ఎక్కువ ఖర్చయింది. కొన్ని వారాలకు కొత్త మచ్చలు ఆగాయి, స్టెరాయిడ్ మెల్లగా మానగలిగాను. పాత మచ్చల గోధుమరంగు డాగులు మాత్రం అలాగే ఉన్నాయి.

మొదటి రెండు నెలల్లో జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ మందు పడకపోతే ప్రాణం మీదికి రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ఇది వాడుతుంటే హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) ఉన్నదానికంటే తక్కువగా చూపించవచ్చు. పల్స్ ఆక్సీమీటర్ రీడింగ్ కూడా తగ్గవచ్చు. వేరే ఏ డాక్టర్‌కు చూపించుకున్నా డాప్సోన్ వాడుతున్నానని ముందే చెబుతాను.

ఒక మందుల షాపులో అందరి ముందూ "ఇది కుష్ఠు మాత్ర కదండీ" అని గట్టిగా అడిగారు. చాలా బాధేసింది. కుష్ఠుకు వాడేదే, నిజమే. ఆ జబ్బున్నా సిగ్గుపడాల్సిందేమీ లేదు. మా జబ్బులో రక్తనాళాల గోడల్లో చేరి వాపు తెచ్చే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలను అదుపు చేయడానికి ఇస్తారు.

ఇప్పుడు మళ్లీ 50కి తగ్గించారు. మచ్చలు తిరిగి రాకపోతే, తర్వాతి సీబీసీ చూశాక రోజు విడిచి రోజు వేసుకోవచ్చన్నారు.