ఒక మంచమా, రెండా? తైపీ, బ్యాంకాక్, బెర్లిన్ చూసొచ్చాక

హైదరాబాద్‌లో నేనూ మా వాడూ నాలుగేళ్ళుగా రూమ్మేట్స్‌మి. ఓనరుకి అలాగే చెప్పాం, వాచ్‌మన్‌కీ అలాగే, మా అమ్మకీ అలాగే. డబుల్ బెడ్‌రూమ్‌కి అద్దె కడతాం, రెండో గదిలో మంచం మీద ఉతికిన బట్టలు పడుంటాయి, చుట్టాలెవరైనా వస్తున్నారంటే ఆ బట్టలు తీసేసి, దుప్పటి పరిచి, దిండు కాస్త నలిపి పెడతాం. 2018 సెప్టెంబరు 6న, మాలాంటివాళ్ళ ప్రేమని నేరం అనే 377 సెక్షన్ విషయంలో అది నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పిచ్చిన రోజు ఆఫీసు బాత్రూంలో నిలబడి ఏడ్చాను. 2023 అక్టోబరు 17న పెళ్ళి హక్కు మేం ఇవ్వలేం అని అదే కోర్టు అన్నప్పుడు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. ఆ రాత్రే అనుకున్నాం, కొన్నాళ్ళు బయట ఎక్కడైనా ఉండి చూద్దామని.

నాది ఎక్కణ్ణుంచైనా చేసుకోగలిగే సాఫ్ట్‌వేర్ పని, వాడిది వీడియో ఎడిటింగ్. కాబట్టి ఊరు ఎంచుకునే వీలుంది, అది అందరికీ ఉండదని తెలుసు. అమెరికా ఎందుకు వద్దనుకున్నారని అడిగేవాళ్ళకి ముందే చెప్తున్నా: హెచ్‌1బి లాటరీ ఒక కారణం, డాలస్ ఇంకో కారణం. అక్కడ మా మేనత్త, ఇద్దరు బాబాయిలు, ఇంటర్‌లో నా బెంచీలో కూర్చున్న సగం మంది ఉన్నారు. కాకినాడ మెయిన్ రోడ్డులో వాడి చెయ్యి పట్టుకుని నడవడం, డాలస్ తెలుగు ఫంక్షన్లో పట్టుకుని నడవడం నాకైతే ఒకటే.

సింగపూర్‌లోనూ ఇదే గొడవ. మూడు రోజులున్నాం, సెరంగూన్ రోడ్డులో భోజనం బ్రహ్మాండం, పెరుమాళ్ గుడి మెట్ల దగ్గర మా కాలేజీ సీనియర్ ఎదురయ్యాడు, అంతే, మా వాడు నా రూమ్మేట్ అయిపోయాడు మళ్ళీ. మన 377 లాంటి వాళ్ళ 377ఎ 2023 జనవరిలో పోయింది గానీ, పెళ్ళంటే ఆడా మగా అనే మాట కదలకుండా రాజ్యాంగానికే సవరణ చేసి పెట్టుకున్నారు. నాకు అక్కడ ఉద్యోగం దొరికినా, మా వాణ్ణి నా మనిషిగా తెచ్చుకునే పాస్ లేదు. శుభ్రమైన ఊరు, మా లెక్కలో తీసేశాం.

2024 అక్టోబరులో తైపీ వెళ్ళాం. ఆసియాలో మాలాంటివాళ్ళ పెళ్ళికి మొదట చట్టం చేసింది తైవానే, 2019 మే 24 నుంచి. ఇక్కడికి అక్టోబరు చివర్లో వెళ్ళమనే చెప్తాను, ఆఖరి శనివారం ప్రైడ్ అని మాలాంటివాళ్ళ ఊరేగింపు ఉంటుంది. జనం ఎంతమందో లెక్కపెట్టలేదు గానీ నన్ను కదిలించింది జనం కాదు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన మామూలు ఇంటివాళ్ళు, మన పుష్కరాలకి వచ్చినట్టు వచ్చారు. షీమెన్‌లో 1908 నాటి ఎర్ర ఇటుకల మార్కెట్ భవనం ఉంది, రెడ్ హౌస్ అంటారు, దాని వెనక ఆరుబయట కుర్చీలు వేసిన గే బార్లు. తలుపుల్లేవు, చీకటి మెట్లు లేవు. పక్కనే స్కూలు పిల్లలు ఐస్‌క్రీం తింటూ పోతుంటారు.

ఇంకా నచ్చింది గుడి. న్యూ తైపీలో చిన్న సందులో కుందేలు దేవుడి గుడి ఉంది, మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళ దేవుడు. కథేంటంటే, ఫూజియన్‌లో ఒకడు ఒక అధికారిని చూసి మనసు పడ్డాడు, ఆ అధికారి వాణ్ణి చంపించాడు, చచ్చాక కలలో కనబడి, యమలోకంలో నన్ను మాలాంటివాళ్ళకి దేవుణ్ణి చేశారు, గుడి కట్టండి అన్నాడట. మనకి పేరంటాలమ్మ కథలు అలవాటే కదా, నాకు వెంటనే ఎక్కింది. మా వాడు నాస్తికుడు, వాడూ అగరొత్తి వెలిగించాడు.

మరి తైపీ ఎందుకు కుదరలేదంటే, వంటిల్లు. నవ్వకండి. మా బడ్జెట్‌లో చూపించినవన్నీ గదీ, బాత్రూమూ ఉన్న చిన్న పోర్షన్లు, స్టవ్ పెట్టుకునే చోటే ఉండదు, చాలామంది బయటే తింటారు. బౌద్ధుల శాకాహార భోజనశాలలు అడుగడుక్కీ ఉన్నాయి, ఆకలితో చావరు, కానీ పోపు వాసన లేని ఇంట్లో నేను ఆరు నెలలు ఉండలేను. రెండోది వీసా. గోల్డ్ కార్డ్ అని మంచిది ఉంది, ఏ కంపెనీకీ కట్టుబడకుండా పనిచేసుకోవచ్చు, జీతం దారిలో రావాలంటే నెలకి 1,60,000 తైవాన్ డాలర్లు ఉండాలి. నా జీతం ఆ మెట్టు ఎక్కలేదు. ఇల్లు చూపించిన ఒక బ్రోకరు అయితే మేం ఇద్దరమూ మగవాళ్ళమని ఏమీ అనలేదు, ఇండియన్స్ అనగానే మాత్రం ఓనరు ఊళ్ళో లేరన్నాడు. తిరుగు ప్రయాణానికి ముందు కాంగ్‌రే తుఫాను వచ్చి ఊరంతా సెలవిచ్చారు, హోటలు వాళ్ళు మా ఇద్దరికీ టెన్షన్ పడొద్దని పదిసార్లు చెప్పారు. కాకినాడ వాడికి తుఫాను గురించి చెప్తారా! సాయంత్రానికి కిందికి దిగి చూస్తే దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, అది మాత్రం కొత్త.

బెర్లిన్ గురించి క్లుప్తంగా చెప్తా, ఎందుకంటే అది మాకు ఊరు కాదు, తీర్థయాత్ర. 2025 జూలైలో పది రోజులు. నోలెన్‌డోర్ఫ్‌ప్లాట్స్ స్టేషన్ గోడకి గులాబీ రంగు త్రిభుజం ఫలకం, నాజీల కాలంలో చనిపోయిన మాలాంటివాళ్ళ జ్ఞాపకంగా. మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ 1919లోనే ఇక్కడ మాలాంటివాళ్ళ కోసం పరిశోధన సంస్థ పెట్టాడు, 1933 మేలో దాన్ని దోచి పుస్తకాలు తగలబెట్టారు. వందేళ్ళ క్రితమే ఇంత ఉండి, పదిహేనేళ్ళు తిరక్కుండానే ఏమీ లేకుండా పోయిందని ఆ వీధుల్లో నడుస్తుంటే గుర్తొస్తూ ఉంటుంది. చట్టం చూసుకుని ఊరు ఎంచుకునేవాళ్ళు ఒకసారి వెళ్ళి రావాలి.

ఉండటానికి మాత్రం నరకం. ఇల్లు దొరికితేనే అడ్రస్ రిజిస్ట్రేషన్ అవుతుంది, ఇల్లు అడిగితే షూఫా అనే అప్పుల చరిత్ర కాగితం అడుగుతారు, కొత్తగా వచ్చినవాడికి ఆ చరిత్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే మెట్ల మీద మా ముందు ముప్ఫై మంది. తీరా లోపలికెళ్తే వంటింట్లో గోడకి రెండు పైపులు తప్ప ఏమీ లేవు, ఖాళీ చేసేవాళ్ళు సింకుతో సహా ఊడదీసుకుని పోతారు అక్కడ! పెళ్ళి చేసుకుందామంటే విదేశీయులకి చాంతాడంత కాగితాల లిస్టు, అందుకే చాలా జంటలు డెన్మార్క్ వెళ్ళి చేసుకుని వస్తాయి. డేటింగ్ యాప్‌లో ఇండియన్స్ వద్దు అని ప్రొఫైల్‌లోనే రాసుకున్నవాళ్ళు ఈ ఊళ్ళోనే ఎక్కువ కనబడ్డారు, నా అనుభవం నాది. ఒక రాత్రి మెట్రోలో నలుగురు కుర్రాళ్ళు మా చేతులు చూసి ఏదో అరిచారు. గే అని అరిచారో, రంగు చూసి అరిచారో భాష రాక అర్థం కాలేదు.

బ్యాంకాక్‌కి మేం మొదట వెళ్ళింది 2025 జనవరిలో, పెళ్ళి చట్టం అమల్లోకి వచ్చిన 23వ తేదీ వారంలోనే. ఒక పక్క మాల్‌లో జంటలు వరసగా రిజిస్టర్ చేసుకుంటుంటే, ఇంకో పక్క గాలి ఎంత ఘోరంగా ఉందంటే బడులు మూసేసి, వారం రోజులు మెట్రో ఫ్రీ చేశారు. ఉబ్బసం ఉన్నవాళ్ళు జనవరి నుంచి మార్చి దాకా ఆ ఊరి జోలికి వెళ్ళకండి, ఇది మొహమాటం లేకుండా చెప్తున్నా. మా వాడికి రెండు రోజులు కళ్ళు మండాయి.

సీలోమ్ రోడ్డు చూశాకే నాకు ఊరు ఖాయమైంది. రోడ్డుకి ఒక చివర సాలా డేంగ్ స్టేషన్ పక్క సందుల్లో గే బార్లు, అదే రోడ్డు మీద నడుచుకుంటూ పోతే మారియమ్మన్ గుడి, కొబ్బరికాయలు, మల్లెపూల దండలు. మా అమ్మ ఏ ఊరి పేరు చెప్పినా అడిగే మొదటి ప్రశ్న "గుడుందా?" అని. బార్లంటే మాకు పెద్దగా పడవు, పదిన్నరకి నిద్రొస్తుంది. రాజదమ్రి రోడ్డులో రెడ్‌క్రాస్ వాళ్ళ అనానిమస్ క్లినిక్ ఉంది, 1991 నుంచి నడుస్తోంది, హెచ్ఐవీ పరీక్షకి పేరు చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో అదే పరీక్షకి వెళ్తే పెళ్ళయిందా అని మూడుసార్లు అడిగారు నన్ను. ఇక్కడ నర్సు ప్రెప్ (హెచ్ఐవీ రాకుండా ముందే వేసుకునే మందు) వాడుతున్నారా అని షుగర్ ఉందా అన్నట్టే అడిగింది.

వీసా డీటీవీ, మాలాగా ఎక్కణ్ణుంచైనా పనిచేసుకునేవాళ్ళకి థాయ్‌లాండ్ ఇచ్చేది, 2024 జూలైలో మొదలుపెట్టారు. ఐదేళ్ళు చెల్లుతుంది, ఒక్కోసారి 180 రోజులు ఉండొచ్చు, బ్యాంకులో 5 లక్షల బాత్ చూపించాలి. ఆన్‌నుట్ దగ్గర కాండో 18 వేల బాత్‌కి మాట్లాడుకున్నాం, రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్స్. బ్రోకరు కమిషన్ ఓనరే ఇచ్చుకున్నాడు, ఈ సంగతి మన మాదాపూర్ బ్రోకర్లకి తెలియకూడదు. సంతకం పెట్టేముందు టీఎం30 ఫారం మీరు వేస్తారా అని ఓనర్ని అడగండి, విదేశీయుడు దిగాడని ఇమిగ్రేషన్‌కి చెప్పాల్సింది వాళ్ళే, వాళ్ళు బద్ధకిస్తే తర్వాత తిప్పలు మనకి. ఇక్కడా వంటిల్లు అగ్గిపెట్టే, కానీ బాల్కనీలో ఇండక్షన్ స్టవ్ పెట్టుకోనిచ్చారు. వాళ్ళ మిరపకాయ ఘాటు ముందు మన పోపు ఎంత?

చట్టం ఒక్కటే చూస్తే తైపీకే నా ఓటు. మనసు కూడా అక్కడే ఉంది. కానీ అమ్మకి మొన్న మోకాలి ఆపరేషన్ అయింది, బ్యాంకాక్ నుంచి హైదరాబాద్‌కి డైరెక్ట్ ఫ్లైట్‌లో నాలుగు గంటల్లోపే. ఏదైనా అయితే రాత్రికి రాత్రి చేరొచ్చు.

కాండో ఓనరు అరవై ఏళ్ళ ఆంటీ. మా ఇద్దర్నీ చూసి, ఒక మంచం చాలా, ఇంకోటి వేయించనా అని ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి చూపించింది. ఒకటి చాలన్నాం. రాసుకుని, ఏసీ సర్వీసింగ్ మూడు నెలలకోసారి అని చెప్పుకుంటూ వెళ్ళిపోయింది. మా వాడు లిఫ్ట్‌లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అమ్మకి మాత్రం ఆఫీసు పని మీద వెళ్తున్నామని చెప్పాను. డిసెంబరులో వస్తానంటోంది, గుడి చూడ్డానికి. రెండో మంచం ఒక్క నెలకి అద్దెకి దొరుకుతుందేమో ఆంటీని అడగాలి.