దొంగ సంతకంతో ఇల్లు తాకట్టు పడితే: సీసీఐనా, డీఆర్టీనా, సివిల్ కోర్టా?

బ్యాంకువాళ్లు గేటుకి స్వాధీన నోటీసు అంటించి వెళ్లారు. అదే నోటీసు తెలుగు పేపర్లోనూ వచ్చింది. నాన్న పోయాక అన్నకీ చెల్లికీ కలిపి రావాల్సిన ఇల్లది. లోను తీసుకున్నది అన్న. తాకట్టు కాగితాల మీద చెల్లి సంతకం కూడా ఉంది. ఆవిడేమో ఆ బ్రాంచి గడప తొక్కిందే లేదు.

ఇలాంటప్పుడు కొందరు నేరుగా కాంపిటీషన్ కమిషన్‌కి, అంటే సీసీఐకి ఫిర్యాదు పెడతారు. పెద్ద బ్యాంకు తన బలాన్ని దుర్వినియోగం చేసిందన్నది వాదన. వినడానికి బాగానే ఉంటుంది గానీ నిలబడదు. సీసీఐ చూసేది మార్కెట్‌ని. 2002 నాటి కాంపిటీషన్ చట్టంలో సెక్షన్ 4 కింద నెగ్గాలంటే ముందు ఆ బ్యాంకుకి మార్కెట్లో ఆధిపత్యం ఉందని తేలాలి. వీధికో బ్యాంకు ఉన్నచోట అదెలా తేలుతుంది? పైగా దొంగ సంతకం ఒక ఇంటి గొడవ. ప్రాథమికంగా పస లేదనిపిస్తే సెక్షన్ 26(2) కింద ఫైలు మూసేస్తారు.

హోమ్ లోను గడువుకి ముందే తీర్చేస్తే వేసే పెనాల్టీ ఎందరినో పీడించింది. దాని మీద సీసీఐకి వెళ్లిన కేసులోనే 2010లో కమిషన్ మెజారిటీ సభ్యులు తప్పేమీ లేదన్నారు. ఫ్లోటింగ్ రేటు లోన్ల మీద బ్యాంకులు ఆ పెనాల్టీ వెయ్యకుండా 2012లో ఆపింది ఆర్బీఐ. అలాగని సీసీఐకి కోరలు లేవనలేం. గుర్గావ్ ఫ్లాట్లు కొన్నవాళ్ల మీద ఏకపక్ష షరతులు రుద్దినందుకు 2011లో డీఎల్ఎఫ్‌కి 630 కోట్లు జరిమానా వేసింది. అక్కడ కొన్న ప్రతివాడి చేతా అదే రకం ఒప్పందం మీద సంతకం పెట్టించారు మరి. ఆ జరిమానా కూడా ఖజానాకే పోతుంది, ఇల్లు విడిపించదు.

డీఆర్టీ, అంటే బ్యాంకు అప్పుల వసూలు ట్రిబ్యునల్, అలా కాదు. బ్యాంకులు కోర్టుకెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలిచ్చేది సర్ఫేసీ చట్టం. దాని సెక్షన్ 17 కింద డీఆర్టీ వేలం మీద స్టే ఇవ్వగలదు, స్వాధీనాన్ని వెనక్కి ఇప్పించగలదు. కానీ గడువు 45 రోజులే. సీసీఐ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ రోజులు కరిగిపోతాయి. అప్పీలుకైతే మన రెండు రాష్ట్రాలవాళ్లూ కోల్‌కతా వెళ్లాలి. అప్పు తీసుకున్నవాడు సగం సొమ్ము కట్టాలి, ట్రిబ్యునల్ దయతలిస్తే పాతిక శాతం. సంతకం తనదే అయినా నోటీసులో, లెక్కల్లో తేడా ఉందనేవాళ్లకి ఇదే సరైన చోటు.

చెల్లికి మాత్రం సివిల్ కోర్టే మేలంటాను. సర్ఫేసీ సెక్షన్ 34 సివిల్ కోర్టుల తలుపు మూసిందంటారు గానీ, బ్యాంకు చర్యే మోసపూరితమైతే ఆ తలుపు తెరిచే ఉంటుందని 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి హక్కు తేల్చడం డీఆర్టీ పని కాదని 2025 జనవరిలో ప్రభా జైన్ కేసులో మళ్లీ చెప్పింది. ఏళ్లు పడుతుంది, నిజమే. ఇంజంక్షన్, అంటే కోర్టు నిలుపుదల ఉత్తర్వు, దొరికితే ఆ ఏళ్లు ఇంట్లోనే గడుస్తాయి. ఫోర్జరీ మీద పోలీసు కేసు పక్కన పెట్టుకోవాల్సిందే, సంతకం ల్యాబుకి వెళ్తుంది. దానంతటదే వేలాన్ని మాత్రం ఆపదు.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే ఏమీ కనపడలేదని నిశ్చింతగా ఉండేవాళ్లకి ఒక మాట. దస్తావేజులు బ్యాంకులో పెట్టి, అలా పెట్టినట్టు రాసుకున్న మెమోరాండం రిజిస్టర్ చేయించకపోతే తాకట్టు ఈసీలోకి ఎక్కదు. తాకట్టుల వివరాలు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ, 2011 నుంచి నడుస్తున్న సెర్సాయ్ పోర్టల్లో కూడా ఆ ఆస్తి వివరాలు కొట్టి చూడాలి.