హార్మోన్ తగలగానే జన్యువు చోటు మారుతుందా? రెండు రంగుల ఫిష్ ప్రోబ్ కిట్‌తో నా అనుభవం

ఫిష్ అంటే, కావలసిన జన్యువుకు అతుక్కునే మెరిసే డీఎన్‌ఏ ముక్కలతో (ప్రోబ్‌లతో) అది కేంద్రకంలో ఎక్కడుందో మైక్రోస్కోప్‌లో రంగు చుక్కగా చూసే పద్ధతి. ఈ కిట్ నేను ఒకే ఒక్క ప్రశ్న కోసం తెప్పించుకున్నాను. టీఎఫ్ఎఫ్1 అనే జన్యువు ఉండేది 21వ క్రోమోజోమ్ మీద, గ్రెబ్1 అనే జన్యువు ఉండేది 2వ దాని మీద. రెండూ ఈస్ట్రోజెన్ హార్మోన్‌తో మేల్కొనేవే, అంటే పని మొదలుపెట్టేవే. హార్మోన్ ఇస్తే కేంద్రకంలో ఈ రెండూ దగ్గరకు చేరతాయా? చేరతాయని, అదీ గంట లోపేనని 2008లో ఒక పరిశోధన వచ్చింది. పనిచేయడానికి అవి కలుసుకోనక్కర్లేదని 2010లో మరో బృందం తేల్చింది. రెండూ చదివాక, నా కళ్లతో చూస్తే తప్ప మనసు ఒప్పుకోలేదు.

చుక్కలు మాత్రం చాలా బాగా వచ్చాయి. ఆకుపచ్చది టీఎఫ్ఎఫ్1, ఎర్రది గ్రెబ్1, వెనక మసక దాదాపు లేదు. ఇదివరకు ప్రోబ్‌లు నేనే తయారు చేసుకునేదాన్ని, ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉండేది. రెండు మీటర్ల డీఎన్‌ఏ కొన్ని మైక్రాన్ల కేంద్రకంలో సర్దుకుని ఉంటుంది కదా, అందులో నాకు కావలసిన ముక్క ఇదిగో ఇక్కడ అని కనబడితే ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు పులకరిస్తుంది. నేను వాడిన ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్లో రంగుకు రెండు కాక ఎక్కువ చుక్కలు వస్తాయి. మా జూనియర్ ప్రోబ్ పాడైందేమోనని టెన్షన్ పడింది. పాడు కాలేదు, ఆ కణాల్లో క్రోమోజోమ్‌ల లెక్కే అంత.

నా అసంతృప్తి అంతా కిట్‌తో ఇచ్చే పుస్తకం మీదే. అందులో ఉన్నది మెథనాల్, ఎసిటిక్ ఆసిడ్‌తో కణాలను స్లైడ్ మీద వేసే పద్ధతి ఒక్కటే. జన్యువు ఎన్ని కాపీలుందో లెక్కపెట్టడానికి అది చాలు. చోటు కొలవడానికి పనికిరాదు, ఎందుకంటే కేంద్రకం అప్పడంలా అణిగిపోతుంది. పైన ఒకటి, కింద ఒకటి ఉన్న చుక్కలు అంటుకున్నట్టు కనిపిస్తాయి. నేను 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి, పొరపొరగా ఫోటోలు తీశాను. అప్పుడు డీఎన్‌ఏ పోగులు విడదీయడానికి పుస్తకంలో చెప్పిన సమయం సరిపోలేదు. సరైనది దొరికేసరికి రెండు స్లైడ్లు, వాటితో పాటు ప్రోబ్ వృథా అయ్యాయి.

ఇంకో లోటు దీనికంటే పెద్దది. కణాలను ముందుగా హార్మోన్ లేకుండా ఉంచాలన్న మాట పుస్తకంలో ఎక్కడా లేదు. కణాలను పెంచే ద్రవానికి, అంటే మీడియంకు, గులాబీ రంగునిచ్చే ఫినాల్ రెడ్ కూడా కొద్దిగా ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది, అందులో కలిపే రక్తపు సీరంలో ఎలాగూ హార్మోన్లుంటాయి. ఫినాల్ రెడ్ లేని మీడియం, బొగ్గుతో శుద్ధి చేసిన సీరం వాడి మూడు రోజులు ఉంచకపోతే, 'హార్మోన్‌కు ముందు' అని మనం అనుకునే కణాలు అప్పటికే మేల్కొని ఉంటాయి. పెట్టె మీదేమో 'హార్మోన్ తర్వాత' అంటూ చుక్కలు అంటుకున్న ఒకే ఒక్క కేంద్రకం బొమ్మ! ఒక్క కేంద్రకంతో ఏం తేలుతుంది?

10 నానోమోలార్ ఎస్ట్రడయాల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) ఇచ్చి గంట ఆగాను. పోల్చడానికి పక్కన, హార్మోన్ లేకుండా దాన్ని కరిగించే ఇథనాల్ మాత్రమే ఇచ్చిన కణాలు. రెండింటిలోనూ అక్కడక్కడా చుక్కలు తాకాయి, దూరాల్లో నాకు తేడా కనబడలేదు. జన్యువు పనిచేస్తే తయారయ్యే ఆర్‌ఎన్‌ఏను విడిగా కొలిస్తే మాత్రం రెండు జన్యువులదీ బాగా పెరిగింది. అంటే నా కణాల్లో అవి ఉన్నచోటే మేల్కొన్నాయి. ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే ప్రోటీన్ అయిన ఈస్ట్రోజెన్ రిసెప్టర్, దూరంగా ఉన్న ఎన్‌హాన్సర్లను (జన్యువు పనిని పెంచే డీఎన్‌ఏ ముక్కలను) జన్యువు దగ్గరకు మెలికలు తిప్పి తెస్తుందని 2009లో ఇవే కణాల్లో చూపించారు. అలాంటి మెలికలు ఈ కిట్‌కు అందవు. మామూలు మైక్రోస్కోప్ సుమారు 200 నానోమీటర్ల లోపు దూరాలను విడదీయలేదు, లోతు దిశలో ఇంకా కష్టం.

దూరాలు ఓపిగ్గా కొలిచేవాళ్లు కొనండి, ప్రోబ్ నమ్మకమైనది. పెట్టె మీద బొమ్మ చూసి కొనకండి. ఎరుపు రంగు త్వరగా వెలిసిపోతుంది కాబట్టి ఫోటోల్లో ముందు ఎరుపు తీసుకోండి, ఆ తర్వాతే ఆకుపచ్చ.